గాజు వాన కురిసే చోటికి, లక్డారం మీదుగా

మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు సంగారెడ్డి బస్టాండులో కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, మిషన్‌లోంచి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టు తీసి ఇచ్చింది.

"ఎక్కడ దిగుతవమ్మా?"

"ఇస్నాపూర్."

"డ్యూటీకా?"

"కాదు. చూసేటందుకు పోతున్న."

"ఇస్నాపూర్ల చూసేటందుకు ఏమున్నదమ్మా!" అని నవ్వి వెనక సీట్ల వైపు వెళ్ళింది.

నేను చూడబోతున్నది ఇస్నాపూర్‌ను కాదు, హెచ్‌డీ 189733 బి అనే గ్రహాన్ని. అది మన సూర్యుడి చుట్టూ తిరిగేది కాదు. ఇక్కడికి సుమారు అరవై నాలుగున్నర కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వేరే నక్షత్రానిది. గురుగ్రహం కంటే కొంచెం పెద్దది. అంతా వాయువే, కాలు మోపడానికి నేల లేదు. వేడి తొమ్మిది వందల డిగ్రీల పైమాట. వెళ్ళాలనుకునేవారికి సంగారెడ్డి నుంచి దారి ఇది: ఇస్నాపూర్ చౌరస్తా దాకా బస్సు, అక్కడి నుంచి లక్డారానికి ఆటో, లక్డారంలో ఖాజా భాయ్ ఇల్లు, ఆ ఇంటి డాబాకు పదిహేడు మెట్లు. అంతకు మించి వెళ్ళిన మనిషి లేడు.

ఖాజా భాయ్ నా తమ్ముడు విఠల్‌తో ఇరవై రెండేళ్లు ఒకే మందుల కంపెనీలో పనిచేశాడు. విఠల్ రియాక్టర్ ఆపరేటర్, ఖాజా భాయ్ ఫిట్టర్. విఠల్ ఆగస్టు చివరలో చనిపోయాడు. యాభై రెండేళ్లు. గుండె. పెళ్లి చేసుకోలేదు కాబట్టి పటాన్‌చెరులో అతని గది ఖాళీ చేయడం, బ్యాంకు కాగితాలు, అన్నీ నేనే చూశాను. నవంబరు వచ్చేసరికి పనులన్నీ అయిపోయాయనుకున్నాను. అప్పుడు ఖాజా భాయ్ ఫోన్ చేశాడు.

"అక్కా, విఠల్ పేరు మీద ఒక పర్మిట్ తెరిచే ఉన్నది. నువ్వొచ్చి క్లోజ్ చెయ్యాలె."

"కంపెనీదా భాయ్?"

"కంపెనీది కాదు. డాబా మీదిది."

పర్మిట్ అంటే ఏమిటో నాకు విఠల్ చెప్పగా తెలుసు. ఫ్యాక్టరీలో ట్యాంకులోకో రియాక్టర్‌లోకో మనిషి దిగి పనిచేయాలంటే ముందు ఒక కాగితం రాయాలి. ఎక్కడికి దిగుతున్నారు, ఏం పని, లోపల ఏ గ్యాసు ఉంది, ఎందరు దిగుతున్నారు. మూత దగ్గర బయట ఒకడు నిలబడాలి, అతను స్టాండ్‌బై. పని అయ్యాక ఎందరు బయటికి వచ్చారో రాసి ఇద్దరూ సంతకం పెడితే పర్మిట్ మూసినట్టు. అంతవరకు కాగితం ప్రకారం మనిషి లోపలే ఉన్నాడు. మూత బిగించరు, వాల్వు తిప్పరు. షిఫ్టులో పని తెమలకపోతే కాగితం వెనక పొడిగింపు సంతకం పెట్టాలి.

నాలుగేళ్ల కిందట విఠల్ ఒక పాత టెలిస్కోపు కొని, పటాన్‌చెరులో దీపాలు ఎక్కువని దాన్ని ఖాజా భాయ్ డాబా మీద పెట్టాడు. ఆ ఏడే కంపెనీలో పర్మిట్ల నమూనా మారింది. పాత పుస్తకాలు చెత్తలో పడేస్తుంటే ఇద్దరూ నాలుగు తెచ్చుకున్నారు. ఆ గ్రహాన్ని చూసిన ప్రతిసారీ ఒక పర్మిట్ రాసేవారు. విఠల్ లోపలికి దిగేవాడు, ఖాజా భాయ్ స్టాండ్‌బై. నవ్వులాటకు మొదలుపెట్టారు. విఠల్ చెబుతుంటే నేనూ నవ్వేదాన్ని. ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు.

నాలుగు గంటలకు బస్సు కంది దాటింది. నా పక్కన కూర్చున్నామె ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుంది. మాత్రలు ప్యాకింగ్ చేసే చోట పని, సాయంత్రం డ్యూటీ అట. రుద్రారం దగ్గరికి రాగానే కిటికీలోంచి మురిగిన గుడ్ల లాంటి వాసన సన్నగా వచ్చింది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

"కొత్తనా అమ్మా ఇటు?" అంది.

"ఎప్పుడో ఒకసారి వస్త. మీకు వాసన తెలుస్తలేదా?"

"ఏం తెలుస్తది! మొన్న బతుకమ్మకు మా ఊరికి పోతే రెండు దినాలు నిద్ర పట్టలే. గాలిల ఏందో తక్కువైనట్టు."

మురిగిన గుడ్ల వాసనకు కారణం హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు. నేను వెళుతున్న గ్రహం గాలిలో కూడా అది ఉందని అంతరిక్షంలోని పెద్ద టెలిస్కోపు ఈమధ్యే కనిపెట్టింది. ఆ మాట ఆమెతో అంటే ఏమనుకునేదో తెలియదు. అనలేదు.

ఇస్నాపూర్ చౌరస్తాలో నాలుగున్నరకు దిగాను. బస్టాపు పక్కన చాయ్ బాగుంటుంది, అల్లం ఎక్కువ వేస్తాడు. లక్డారం ఆటోలు చౌరస్తాలోనే దొరుకుతాయి కానీ నిండేదాకా కదలవు. మా ఆటోలో బీహార్ నుంచి వచ్చిన ముగ్గురు కంకర మిల్లు పనివాళ్ళు ఉన్నారు. దారంతా వీడియో కాల్‌లో ఎవరి బిడ్డనో ఆడించారు. రాళ్ళ లారీలు పోతుంటే ముందేమీ కనబడనంత దుమ్ము. ఐదుంబావుకు ఖాజా భాయ్ ఇంటి ముందు దిగాను.

ఆయన గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్లు దాటాయి, కిందటేడు రిటైరయ్యాడు. చిక్కిపోయాడు. ఆయన భార్య రషీదా నా చేతిలో సంచీ అందుకుంది.

"నువ్వన్న చెప్పు అక్కా ఈ మనిషికి. కంపెనీల రాసిన పర్మిట్లు సాలలే, సుక్కలకు గూడ రాయబట్టె."

"చుప్ బైఠో," అన్నాడు ఆయన.

"ఎందుకు చుప్ ఉండాలె? ఒకపారి పొద్దుగాల నాలుగింటికి అలారం పెట్టుకొని లేస్తడు, డాబా మీదికి పోయి సంతకం చేసి వస్తడు. ఒకపారి మధ్యాహ్నం పన్నెండింటికి. ఎండల సుక్క ఏడున్నదయ్యా అంటే, నాకు కానరాకున్నా అది దాని డ్యూటీ చేస్తది గదా అంటడు."

గదిలో మంచం మీద పాత పర్మిట్లు పరిచి ఉన్నాయి. చాయ్ తాగుతూ చదివాను. విఠల్ రాత గుండ్రంగా, తప్పులు లేకుండా ఉంటుంది. ఒకదానిలో ఇలా ఉంది. స్థలం: పగటి వైపు అంచు. పని: వాన నమూనా తేవడం. ప్రమాదం: వాన గాజుది, గాలి గంటకు ఎనిమిది వేల కిలోమీటర్లకు పైన. జాగ్రత్త: గొడుగు నెత్తి మీద కాదు, అడ్డంగా పట్టుకోవాలి. ఇంకొకదానిలో: స్థలం: చీకటి వైపు. పని: అక్కడి వాళ్ళకు తెల్లారుతుందో లేదో కనుక్కోవడం. కింద ఖాజా భాయ్ వంకర అక్షరాల్లో: తెల్లారదు, ఆ గ్రహం ఒకటే మొఖం తన సూర్యుని దిక్కు పెట్టి తిరుగుతది, నైట్ షిఫ్టోనికి బదులొచ్చే రిలీవర్ రాడు.

గాజు వాన, గాలి వేగం వీళ్ళు కల్పించినవి కావు. శాస్త్రజ్ఞులు ఆ నక్షత్రం వెలుగును విడదీసి చూసి చెప్పినవే. గ్రహం దూరం నుంచి ముదురు నీలంగా కనిపిస్తుందని, ఆ నీలం నీళ్ళది కాదని, గాలిలోని ఇసుకలాంటి రేణువులదని కూడా చెప్పారు. ఒక పర్మిట్‌లో విఠల్ దాని మీద రాసింది: నీలంగా ఉన్నదని ఎవరూ బకెట్ తీసుకుపోవద్దు.

అప్పుడు ఖాజా భాయ్ దిండు కింద నుంచి చివరి పర్మిట్ తీశాడు. ముందు వైపు విఠల్ రాత. దిగిన సమయం సాయంత్రం 7:10. లోపలికి: 1. బయటికి: ఆ గడి ఖాళీ. వెనక పొడిగింపు గడులు నాలుగే ఉంటాయి. అవి నిండిపోయాక ఆయన తెల్ల కాగితాలు పిన్ను కొట్టి సంతకాలు పెడుతూ పోయాడు. లెక్కపెట్టాను. ముప్పై ఒకటి ఉన్నాయి.

ఆ గ్రహానికి ఏడాదంటే మన లెక్కలో రెండు రోజుల ఐదు గంటలు. నక్షత్రానికి అంత దగ్గరగా తిరుగుతుంది; భూమి సూర్యుడికి ఉన్న దూరంలో ముప్పయ్యో వంతు దూరం కూడా ఉండదు. చుట్టు తిరిగిన ప్రతిసారీ నక్షత్రం ముందు నుంచి గంటా నలభై తొమ్మిది నిమిషాలు దాటిపోతుంది. దాటే ప్రతిసారీ ఖాజా భాయ్ ఒక సంతకం పెట్టాడు. విఠల్ పోయి మాకు డెబ్బై రోజులు. ఆ వేళ నుంచి అక్కడ ముప్పై రెండో ఏడు ఆ సాయంత్రంతో పూర్తవుతోంది.

"మనిషి లెక్క తేలనిది పర్మిట్ వదిలిపెట్టొద్దు అక్కా," అన్నాడు. "అది రూలు. ముప్పై ఏండ్లు మూత కాడ నిలబడ్డ. ఒక్కణ్ణి గూడ లోపల ఇడిచిపెట్టి రాలే."

"ఇది నవ్వులాట కాయిదం గదా భాయ్."

"నవ్వులాటనే. కానీ ఆ రోజు స్టాండ్‌బై నేను. రాత్రి ఇషా నమాజ్‌కు మసీదుకు పోయిన. తిరిగొచ్చి చూస్తే మనిషి లేడు, బండి లేదు. పొద్దుగాల ఫోనొచ్చింది, లేడని." ఆయన కాగితం మడత సరిచేశాడు. "బయటికి వచ్చిండా, ఎప్పుడొచ్చిండు, ఎట్లొచ్చిండు, నేను చూడలే. చూడనిది ఎట్ల రాయాలె? ఇగ నాతోని అయితలేదు. పర్మిట్ తీసుకున్నోడు లేకుంటే వాని తరఫున ఇంకొకలు పోయి, చూసి, సంతకం చెయ్యొచ్చు. నువ్వు చూడు. లోపల ఎవరు లేరని రాయి. నేను మూసేస్త."

ఆరు గంటల నలభై నిమిషాలకు మెట్లెక్కాం. మెట్ల గోడకు ఒక గ్రాఫు అంటించి ఉంది. విఠల్ కెమెరాతో రెండున్నర గంటలు తీసిన ఫోటోల నుంచి ఆ నక్షత్రం వెలుగు లెక్కకట్టి గీసినది. చుక్కలన్నీ ఒకే ఎత్తులో వచ్చి, కొంచెం దిగి, మళ్ళీ ఎక్కుతాయి. లోతు తక్కువ పళ్ళెంలా ఉంటుంది. గ్రహం అడ్డం వచ్చినప్పుడు నక్షత్రం వెలుగు నూటికి రెండున్నర పాళ్ళ లోపే తగ్గుతుంది. కంటికి ఆ తేడా తెలియదు.

డాబా మీద గాలి చల్లగా ఉంది. తూర్పున ఫ్యాక్టరీల వైపు ఆకాశం ఎర్రగా, పడమర కొంత నల్లగా ఉంది. అభిజిత్, శ్రవణం, హంస మండలంలోని పెద్ద నక్షత్రం, ఈ మూడింటితో ఒక త్రికోణం కనిపిస్తుంది. మన చుక్క దాని లోపలే. ఖాజా భాయ్ మోకాళ్ళ మీద కూర్చుని, టెలిస్కోపు గొట్టాన్ని అరచేత్తో కొంచెం కొంచెం జరిపాడు. పైపు జాయింటు చూసే మనిషి చేయి.

"మసక మసకగ మచ్చ ఒకటి కానొస్తది, దాని పక్కపొంటి పోతే ఇదుంటది. విఠల్ నేర్పిండు. చూడక్కా."

చూశాను. నల్లటి గుండ్రం మధ్య చిన్న నారింజ చుక్క. అదురుతోంది. అంతే. ఆ వెలుగు బయలుదేరేటప్పటికి నేనింకా పుట్టలేదు, విఠల్ సంగతి చెప్పేదే లేదు. ఏడు గంటల రెండు నిమిషాలకు ఖాజా భాయ్ ఫోన్ చూసి, "దిగుతున్నది," అన్నాడు. చుక్కలో ఏ మార్పూ లేదు. అంత పెద్ద గ్రహం దాని ముందుకు వచ్చిందని నమ్మాల్సిందే.

నేను దానివైపు చాలాసేపు చూశాను. వద్దనుకున్నా ఊహ సాగింది. పగటి వైపు నుంచి రాత్రి వైపుకు గాలి కొడుతోంది. అందులో కరిగిన గాజు పక్కకు పోతోంది. నిలబడటానికి నేల లేదు కాబట్టి ఎవరూ పడరు కూడా, దిగుతూనే ఉంటారు. అక్కడ ఒక మనిషిని వెతకాలంటే ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో తెలియదు. విఠల్ అయితే గాలి దిక్కు చూసి మొదలుపెట్టేవాడు.

"చూసినవా?" అన్నాడు ఖాజా భాయ్. పెన్ను ఇచ్చాడు.

"చూసిన. కానీ ఎవరు లేరని నేనెట్ల రాయాలె భాయ్? ఈడికెళ్ళి చూస్తే గ్రహమే కానొస్తలేదు. మనిషి ఉన్నడో లేడో ఎట్ల చెప్పాలె?"

ఆయన మూత దగ్గర నిలబడ్డట్టే టెలిస్కోపు పక్కన నిలబడ్డాడు. కింద రషీదా రొట్టెలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఆ రోజు మసీదుకు వెళ్ళినందుకు డెబ్బై రోజులుగా ఇక్కడ నిలబడుతున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకు తెలియనిది నాకు తెలుసు. అది నేను ఎవరికీ చెప్పలేదు.

"ఆ రోజు ఆణ్ణి నేనే పిలిచిన భాయ్," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు.

"ఏడూ నలభైకి ఫోన్ చేసిన. మా నీళ్ళ మోటరు బందయితలేదు, స్టార్టర్ కాలిన వాసనొస్తున్నది. భయమైంది. పని మీదున్న అక్కా అన్నడు. జల్దీ రమ్మన్న. సంగారెడ్డి దాకా బండి మీద ఉరికిచ్చుకున్న. తెల్లారేసరికి గుండె... నేను పిలువకుంటే ఈడనే ఉండేటోడు గదా అని..."

ఆయన నన్ను ఆపాడు. ఓదార్చడానికి కాదు.

"ఆగక్కా. మీ ఇంటికి వచ్చిండా?"

"వచ్చిండు. ఎనిమిదిన్నరకు."

"ఎట్లొచ్చిండు? మనిషి ఎట్లుండె?"

"మంచిగనే ఉండె. ఫ్యూజు పీకి మోటరు బంద్ చేసిండు. ఇంత చిన్న పనికి పిలుస్తవా అని నన్ను తిట్టిండు."

"ఏమన్నడు ఇంక? దీని ముచ్చట ఏమన్న చెప్పిండా?"

గుర్తుచేసుకున్నాను. గుర్తుచేసుకోవడానికి కష్టపడనక్కర్లేదు, ఆ గంటను నేను చాలాసార్లు తిరగేశాను. కానీ ఎప్పుడూ నా ఫోన్ దగ్గరే ఆగిపోయేదాన్ని. ఆ తర్వాతి మాటలను పట్టించుకోలేదు.

"కాళ్ళు చేతులు కడుక్కున్నడు. తొమ్మిది వందల డిగ్రీలకెళ్ళి బయటపడి వచ్చిన, జెర చల్లటి నీళ్ళియ్యి అన్నడు. రెండు రొట్టెలు, కందిపప్పు తిన్నడు. ఆడ గూడ ఇస్నాపూర్ వాసనే ఉన్నదక్కా, ఖాజా భాయ్‌కి బదిలీ చేపిస్తే అలవాటు పడే పని లేదు అన్నడు."

ఖాజా భాయ్ ముందు నవ్వాడు. "బదిలీ! వాడు... నాకు బదిలీ!" తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కొంతసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"బయటపడి వచ్చిన అన్నడా? గట్లనే అన్నడా?"

"గట్లనే అన్నడు."

"మరి వచ్చిండు గదా అక్కా." తువ్వాలు భుజాన వేసుకుని డ్యూటీలో ఉన్న మనిషిలా అడిగాడు. "చూసినోళ్ళెవరు?"

"నేను."

"అయితే నువ్వు రాయొచ్చు."

ఫోన్ లైటు వెలుగులో రాశాను. బయటికి: 1. సమయం: 7:40. రిమార్కుల దగ్గర ఏం రాయాలని అడిగితే, జరిగింది రాయమన్నాడు. "అక్క పిలిస్తే వచ్చాడు. అక్క ఇంట్లో భోజనం చేశాడు" అని రాశాను. ఆ మొదటి వాక్యాన్ని డెబ్బై రోజులుగా నేను వేరే విధంగా చదువుకుంటున్నాను. కాగితం మీద అది అంత చెడ్డగా లేదు. విఠల్ పేరు పక్కన 'తరఫున' అని రాసి సంతకం పెట్టాను. ఖాజా భాయ్ తన సంతకం పెట్టి, పిన్ను కొట్టిన కాగితం మీద మిగిలిన ఖాళీకి అడ్డంగా గీత కొట్టాడు. సమయం ఏడు గంటల ముప్పై ఐదు నిమిషాలు. గ్రహం ఇంకా నక్షత్రం ముందే ఉంది.

"ఇది పూర్తిగ దాటిపోయేదాక ఉందామా?" అన్నాను.

"అక్కర్లేదు. మనోళ్ళు ఎవరూ లేరు గదా లోపల."

కింద జొన్న రొట్టెలు, టమాటా తొక్కు, పప్పు. రషీదా ఆయన ముందు మూడో రొట్టె పెడితే తిన్నాడు. ఆమె నా వైపు చూసి, నాకూ ఇంకొక రొట్టె వేసింది. ఎనిమిదింబావుకు ఆయనే బండి మీద నన్ను ఇస్నాపూర్‌లో దింపాడు. టెలిస్కోపు తీసుకుపొమ్మన్నాడు. డాబా మీదే ఉండనిమ్మన్నాను. ఫ్యాక్టరీ బస్సులు షిఫ్టు మనుషులను దింపుతూ, ఎక్కించుకుంటూ చౌరస్తా అంతా అడ్డంగా ఉన్నాయి. ఎనిమిదీ నలభైకి, సంగారెడ్డి మీదుగా పోయే నారాయణఖేడ్ బస్సు దొరికింది. ఈసారి కండక్టరు మగమనిషి. కార్డు సరిగా చూడకుండానే జీరో టికెట్టు ఇచ్చాడు.

కిటికీ పక్క సీటు. వాసన వచ్చింది, కానీ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. రుద్రారం దగ్గర టైము చూస్తే ఎనిమిదీ యాభై ఒకటి. అక్కడ గ్రహం నక్షత్రం ముందు నుంచి పక్కకు తొలగి ఉంటుంది.

ఈ గ్రహం చూడదగినదేనా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. చూడటానికి ఏమీ లేదు. ఒక నారింజ చుక్క ఉంటుంది, అది మారదు. దాని గురించి తెలుసుకున్నదంతా కనిపించని దాన్ని లెక్కకట్టి తెలుసుకున్నదే. అయినా ఒకసారి వెళ్ళడం మంచిది. సాయంత్రాలు వెళ్ళాలనుకుంటే డిసెంబరు సగం దాకా వీలు. తర్వాత ఆ చుక్క తొందరగా పడమరకు దిగిపోతుంది. చలికి శాలువా తీసుకెళ్ళాలి. లక్డారం ఆటో నిండేదాకా ఓపిక పట్టాలి. ఖాజా భాయ్ ఎవరొచ్చినా చూపిస్తాడు. కొత్త పర్మిట్ రాసి, బయటికి వచ్చాక లెక్క తేల్చి, అదే సాయంత్రం మూసేస్తాడు.

గ్రహం ఇప్పటికీ రెండు రోజుల ఐదు గంటలకోసారి తన నక్షత్రం ముందు నుంచి దాటిపోతోంది. విఠల్ పేరు మీద ఉన్న పర్మిట్‌ను ఇప్పుడు ఎవరూ పొడిగించడం లేదు.